చుట్టని ఉండ

అనగనగా ఒక రాజు. ఆ రాజుకు ఒక్కడే కొడుకు, పేరు మణికేతుడు. అతనికి మేనమామ కూతురు కుముదినితో పెళ్ళి కుదిరింది. ఇంట్లో పసుపు దంచుతుండగానే జటాలుడనే మాంత్రికుడు గద్దలా వచ్చి ఆమెను ఎత్తుకుపోయాడు.

నాటి నుంచి రాజకుమారుడికి అన్నం సయించలేదు. గాలికి తలుపు కొట్టుకున్నా కుముదినేమోనని లేచి చూసేవాడు. రాజు వేరే సంబంధాలు చూపించాడు. "ఆమె లేని ఇల్లు నాకు ఇల్లు కాదు నాన్నగారూ" అని బయలుదేరాడు.

అడవిలో ఒక అవ్వ అతని ముఖం చూసి, రెండు ఉండలు చేతిలో పెట్టింది. ఉండ అనగానే లొట్టలు వెయ్యకండి పిల్లలూ. నూలు చుట్టినా ఉండే, మట్టి పిసికినా ఉండే. ఒకటి నూలుండ, ఇంకొకటి మట్టి ఉండ, దాన్ని విసరడానికో ఉండేలు. మూడోదేదని అడుగుతారా? అవ్వ దగ్గర లేదు. కథల్లో అన్నీ మూడేసి ఉండాలని ఆవిడకెవరూ చెప్పలేదు.

నూలుండను దొర్లిస్తే దారమే నీళ్ళ మీద దారైంది. ఒక సముద్రం దాటాడు, రెండు దాటాడు, ఏడూ దాటాడు. ప్రతి ఒడ్డునా "నా కుముదిని ఇక్కడుందా?" అని అడిగాడు. ఏడో ఒడ్డున ఒక గోరువంక జాలిపడింది.

"ఆ కనిపించే కోటలో ఉంది నాయనా. మాంత్రికుడి ప్రాణం శిఖరం మీద తిరిగే కందిరీగలో ఉంది."

రాజకుమారుడు ఉండేలు ఎక్కుపెట్టి మట్టి ఉండ వదిలాడు. కందిరీగ రాలింది, కోట గుమ్మంలో మాంత్రికుడు కూలాడు. కూలుతూ చేతికర్ర తిప్పాడు. బయటికి పరుగెత్తుకొస్తున్న ఒక్క కుముదిని ముగ్గురైంది.

"ఒకరి చెయ్యి పట్టుకో. తప్పితే అసలుది రాయైపోతుంది" అని కన్నుమూశాడు.

ముగ్గురూ "బావా" అన్నారు. ముగ్గురూ ఏడ్చారు. ఏ గుర్తు అడిగినా ముగ్గురూ ఒకే జవాబు చెప్పారు. ఏడు సముద్రాలు దాటినవాడికి మూడడుగులు వెయ్యడానికి కాళ్ళు రాలేదు.

"ఆకలేస్తోంది. సున్నుండలు చేసి పెట్టండి" అన్నాడు చివరికి.

ముగ్గురూ మినపపిండిలో బెల్లం కలిపారు, పొయ్యి మీద నెయ్యి పెట్టారు. ఇద్దరు నెయ్యి కాగేదాకా కూర్చుని, పోసి, నున్నగా ఉండలు చుట్టి వెండి పళ్ళేల్లో పేర్చారు. మూడో ఆమె అతని పీక్కుపోయిన బుగ్గలే చూస్తూ కూర్చుంది. నెయ్యి ఇంకా కాగనేలేదు, లేచి గుప్పెడు పొడిపిండి తెచ్చి అతని అరచేతిలో పోసింది.

"ఉండ చుట్టేదాకా ఎలా ఆగుతావు బావా? ఎన్నాళ్ళైందో నువ్వు తిని. ముందిది తిను."

మణికేతుడు పిండితో సహా ఆ చేతిని పట్టుకున్నాడు. మిగతా ఇద్దరూ పొగై పోయారు. ఆ పిండి తింటూ అతను వెక్కివెక్కి ఏడ్చాడు. ఆమె అతని వీపు నిమురుతూ నీళ్ళందించింది.

ఆగిన పెళ్ళి ఆ నెలలోనే జరిగింది. వాళ్ళు చాలాకాలం చల్లగా ఏలారు. మనవలు పుట్టాక కూడా, వంటింట్లోంచి మినపపిండి వాసన రాగానే ముసలి రాజైన మణికేతుడు కొలువు వదిలి వచ్చి, చెయ్యి చాపి నిలబడేవాడట.