రాజుగారి పుదీనా మడిలో దొంగ

ఈ కథ అబద్ధమనే మొనగాడెవడైనా ఉంటే ఇప్పుడే లేచి నిలబడాలి. లేరుగా? అయితే మధ్యలో గొణగకుండా వినండి.

ఒకానొక రాజ్యం, పేరు కంకణగిరి. అక్కడి ఎండల ముందు మన ఎండలు వెన్నెలతో సమానం. మిట్టమధ్యాహ్నం కోడి గుడ్డు పెడితే ఉడికిన గుడ్డే పెట్టేది. కాకులు తమ నీడలో తామే దూరాలని నేలకు ఆనుకుని ఎగిరేవి.

అంతటి ఎండలో కోటగోడ బయట, బాట పక్కన ఉన్న చిన్న మిట్ట మీద ఓబులవ్వ చలివేంద్రం నడిపేది. మట్టి గది, తాటాకు పందిరి, లోపల తడి ఇసుకలో పాతిన కుండలు. బెల్లం, నిమ్మరసం, శొంఠి వేసి, గుప్పెడు పుదీనా నలిపి కలిపిన పానకం ముంతలతో పోసేది. వెంట వచ్చిన పిల్లలకు పుదీనా రసంతో పాకం పట్టిన బెల్లం బిళ్ళలు పెట్టేది. ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకునేది కాదు. ఒకసారి వడదెబ్బకు కూలిన ఎద్దుకు ఆ పానకం పోస్తే, అది లేచి తన బండినీ, బండివాణ్ణీ, ముందుపోతున్న మరో బండినీ కలిపి లాక్కుపోయింది!

ఆ రాజ్యానికి రాజు భేరుండవర్మ. సభలోకి ముందు ఆయన మీసాలు వచ్చేవి, తర్వాత ఆయన వచ్చేవారు. ఏటా వేసవిలో సామంతులకు పుదీనా విందు చేసేవారు. కుంకుమపువ్వు, పచ్చకర్పూరం, పన్నీరు గుమ్మరించి, పైన బంగారు రేకు తేల్చిన షర్బతు. తాగినవాళ్లు "ఆహా" అనాలి. అనకపోతే భటులు అనిపించేవారు.

ఆ ఏడు ఒక ముసలి సామంతుడు నోరు జారాడు. "బాగానే ఉంది ప్రభూ. కానీ దారిలో అవ్వ పోసిన పానకం ముందు ఇది గంగాళం కడిగిన నీళ్లు!"

అంతే. రాజుగారి మీసాలు నిక్కబొడుచుకున్నాయి. "కోట బయట పుదీనా ఆకు కనబడకూడదు! ఆ చలివేంద్రానికి ముద్ర వెయ్యండి!"

భటులు వెళ్లి అవ్వ పెరట్లోని పుదీనాను వేళ్లతో సహా పీకేశారు. తలుపు మూసి, లక్క కరిగించి, కంచు ముద్ర దిమ్మెతో ఠపీమని కొట్టి పోయారు.

ఆస్థానంలోని చమత్కారి చెన్నుభట్టు అటుగా వచ్చేసరికి, గంపలు మోసే మనిషొకడు మూసిన తలుపు ముందు నాలుక పిడచకట్టి కూలబడి ఉన్నాడు. పక్కనే ఓబులవ్వ ఖాళీ ముంత పట్టుకుని కూర్చుంది.

"నన్ను పొమ్మంటే పోతాను నాయనా. వచ్చేవాళ్లకు ఏం చెప్పను?" అంది.

చెన్నుభట్టుకు ఒళ్లు మండిపోయింది. భుజం మీది ఉత్తరీయం పొగలు కక్కిందంటే చూసుకోండి. "ఔరా! శత్రువుల కోటకు వెయ్యాల్సిన ముద్ర గుక్కెడు నీళ్లకు వేస్తారా? ఆ ముద్ర ఆయన చేత్తోనే ఊడబీకించకపోతే నా పేరు చెన్నుభట్టే కాదు!"

ముద్ర తీయించమని సభలో అడిగాడు. రాజుగారు గద్దించి కూర్చోబెట్టారు. సరే, కూర్చున్నాడు. కాచుకుని కూర్చున్నాడు.

అంతలో రాజుగారి వియ్యంకుడు పుదీనా విందుకు వస్తున్నానని కబురు పెట్టాడు. సరిగ్గా అప్పుడే కోటలోని పుదీనా మడి వాడి, తల వాల్చి, గడ్డిలా ఎండిపోసాగింది. వియ్యంకుడి ముందు పరువేం కాను!

"నా పుదీనా ప్రాణం తీస్తున్న దొంగెవడు? తల నరికిస్తాను!" అని రంకెలు వేశారు రాజుగారు.

చెన్నుభట్టు చేతులు కట్టుకుని లేచాడు. "తల పోతే ఒక్క క్షణం నొప్పి ప్రభూ. ఇంత ఘోరానికి అది శిక్షా? బహుమానం! చెప్పులు లేకుండా, మిట్టమధ్యాహ్నం కావడితో నీళ్లు మోయించండి. దారినపోయే ప్రతివాడికీ వంగి దాహం పోయించండి."

"భేష్! వాడు నా సొంత బావమరిదైనా సరే, తప్పించుకోలేడు. ఈ మీసం మీద ఒట్టు!"

"అయితే దయచేయండి. జాడ ఎండలోనే కనబడుతుంది."

ముందు తోటలోకి నడిచారు. పుదీనా మడి కోటగోడ మొదట్లో, తూము పక్కన ఉంది.

"దీనికి నీళ్లెవరు పెడతారయ్యా?" అని తోటమాలిని అడిగాడు చెన్నుభట్టు.

"ఎవరూ పెట్టరు సామీ. ఎప్పుడూ దానంతటదే తడిగా ఉండేది. ఇప్పుడు కడవలతో పోసినా ఎండ తాగేస్తోంది."

"విన్నారా ప్రభూ? దొంగ ఎత్తుకుపోయింది ఆకును కాదు, తడిని." అంటూ మడిలో మిగిలిన ఒక్క పచ్చ రెమ్మనూ తుంచి మొలలో దోపుకున్నాడు.

కోట దాటి, తూముకు అవతల నెర్రెలిచ్చిన చిన్న కాలువ వెంట నడిచారు. "గొడుగు దించవయ్యా, నీడ పడితే జాడ చెరుగుతుంది" అని గొడుగు మోసేవాణ్ణి అదిలించాడు చెన్నుభట్టు. రాజుగారి చెమటకు కాలువ మళ్లీ పారుతుందేమో అనిపించింది. కాలువ పోయి పోయి, ఓబులవ్వ కుండలు కడిగే బండ దగ్గర ఆగింది.

"అవ్వ కుండలు కడిగిన నీళ్లే ప్రభూ, ఇన్నాళ్లూ మీ మడిని పెంచినవి. తమ విందులో సామంతులంతా 'ఆహా' అన్నది ఈ కుడితి చలవకే!"

రాజుగారికి కోపగించే ఓపిక కూడా లేదు. "ముందు నీళ్లయ్యా, నీళ్లు!" అంటూ గది తలుపు మీద పడ్డారు. ఎండకు మెత్తబడిన లక్క పట్టినచోటల్లా ఊడి, ఆయన అయిదు వేళ్లకూ అంటుకుంది.

"దొంగ దొరికాడు!" అని కేక పెట్టాడు చెన్నుభట్టు. "కుండలకు ముద్ర వేసినవాడే కాలువ ఎండగట్టాడు, కాలువ ఎండగట్టినవాడే పుదీనా ప్రాణం తీశాడు. సాక్ష్యం చేతికి అంటుకునే ఉంది ప్రభూ!"

భటులు తమ కాలివేళ్లు చూసుకున్నారు. రాజుగారి మీసాలు మెల్లగా కిందికి వాలాయి. "అంటే... నేనా?"

"తీర్పులు తర్వాత చెప్పుకోండి" అంది ఓబులవ్వ. "పాపం, పెదాలు పగిలాయి. తప్పుకోండి!"

కుండ అడుగున మిగిలిన నీళ్లలో బెల్లం, నిమ్మరసం, శొంఠి కలిపి, చెన్నుభట్టు తెచ్చిన రెమ్మ నలిపి వేసి ముంత అందించింది. రాజుగారు గటగటా తాగారు. ఆ చలువకు మీసాల చివర మంచు పేరుకుంది! ముంత దించి, లక్క వేళ్లు చూసుకుని, కోట బురుజుల మీది పావురాలన్నీ లేచిపోయేలా పకపకా నవ్వారు.

"మీసం మీద ఒట్టు పెట్టాను. కావడి తెండి!"

మొదటి ముంతకు గంపలవాడే వచ్చాడు. కిరీటం లేని మనిషిని పోల్చుకోక, "సరిగ్గా వంగి పొయ్యవయ్యా, మీద ఒలకబోస్తావేం!" అని కసిరాడు. రాజుగారు మరికాస్త వంగారు.

చెన్నుభట్టుకు మెడలోని హారం తీసి ఇవ్వబోతే, "వద్దు ప్రభూ, ఆ కంచు ముద్ర దిమ్మె ఇప్పించండి" అన్నాడు. ఇచ్చారు. అది అక్కడికక్కడే ఓబులవ్వ చేతికి పోయింది. ఆమె దానితో బతికినంత కాలం శొంఠి దంచింది.

ఇంకా నమ్మరా? ఆ మధ్యాహ్నం గొడుగు దించి, రాజుగారితో సమానంగా మాడి, చివరి ముంత తాను తాగిన మనిషి ఒకడున్నాడు. పోయి అతన్నే అడగండి. గొడుగుల సింగన్న!