గుబురుగాడి ఫస్టు మార్కు

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో అందరికన్నా అలసిపోయిన ప్రాణి ఎలుగమ్మ. ఎందుకంత అలసట అంటారా? ఎలుగమ్మ వీపు మీద ఎప్పుడు చూసినా కొడుకు ఉండేవాడు. వాడి పేరు గుబురు. చంటివాడు కాదు, నవ్వకండి, బాగా ఎదిగిన పిల్లాడే. తల్లి తిండి కోసం అడవంతా తిరుగుతుంటే వాడు పైన కూర్చుని ఎక్కాలు వల్లించేవాడు.

ఇదంతా కొండమీది బడి కోసం. అక్కడే చదువు, అక్కడే తిండి, అక్కడే పడక. ఎక్కడెక్కడి పిల్లలో వచ్చి ప్రవేశ పరీక్ష రాస్తారు. ఆ ఏడు ఖాళీగా ఉన్నది ఒక్క సీటే. తన బిడ్డ తనలాగా పుట్టలు తవ్వుకుంటూ బతకకూడదని ఎలుగమ్మ కోరిక. ఇంకో కోరిక కూడా ఉంది, పైకి చెప్పుకోలేదు గానీ. వాడు హాస్టల్లో చేరితే తన నడుముకి కాస్త తెరిపి దొరుకుతుంది.

కోచింగ్ చెప్పే ఉడుము మేష్టారు రోజూ ఒకటే మాట చెప్పేవాడు.

"మార్కులమ్మా, మార్కులు! అవి వచ్చాయా, గేటు దానంతటదే తెరుచుకుంటుంది. పిల్లాడి టైము ఒక్క క్షణం కూడా వృథా కానివ్వకు."

ఉడుము ఒకటి పట్టుకుంటే వదులుతాడా? ఎలుగమ్మ కూడా ఆ మాట పట్టుకుని వదల్లేదు.

ఒకరోజు పుట్ట కనబడగానే గుబురు కిందికి దిగబోయాడు.

"అమ్మా, నేను తవ్వనా?"

"నీకెందుకురా ఈ మట్టి పని? నువ్వు చదువుకో" అంది ఎలుగమ్మ. తనే తవ్వి, చెదపురుగులు ఏరి, వాడి నోట్లో పెట్టింది. వాడు నములుతూ ఎక్కాలు అప్పజెప్పాడు.

ఇంకోరోజు వాగు ఒడ్డున పిల్లలు ఆడుకుంటున్నారు.

"అమ్మా, కాసేపు వాళ్లతో ఆడుకోనా?"

"సీటొచ్చాక నీ ఇష్టం వచ్చినంత ఆడుకో" అంది తల్లి.

మూడోసారి కొండవాలు ఎక్కుతుంటే వాడు మెల్లగా అడిగాడు.

"అమ్మా, నువ్వు కుంటుతున్నావు. నేను దిగి నడవనా?"

ఆ మాటకి ఎలుగమ్మ కళ్లు చెమర్చాయి. దించేద్దామనే అనుకుంది. కానీ నడిస్తే వాడు అలసిపోతాడు, అలసిపోతే చదవడు. "నాకేం కాలేదులే నాన్నా, చదువుకో" అని పళ్లు బిగబట్టి నడిచింది. ఆ తర్వాత వాడు మళ్లీ ఏమీ అడగలేదు.

పరీక్ష అయింది. గుబురుకి ఫస్టు మార్కు వచ్చింది. ఉడుము మేష్టారు చెట్టు చెట్టుకీ వెళ్లి నా శిష్యుడే, నా శిష్యుడే అని చెప్పుకున్నాడు.

మంచి మార్కులు వచ్చిన పిల్లల్ని కొండమీది బడికి రమ్మన్నారు. ఎలుగమ్మ కొడుకుని మోసుకుంటూ, ఉసూరుమంటూ ఎక్కింది. గేటు దగ్గర బడి పెద్ద ఏనుగమ్మ నిలబడి ఉంది.

"పిల్లలు లోపల మాతో కలిసి భోంచేస్తారు. పెద్దవాళ్లు ఇక్కడే కూర్చోండి" అంది.

పిల్లలందరి ముందూ ఆకులు వేశారు. రేగుపళ్లు, చిలగడదుంపలు, తేనెపట్టు ముక్క వడ్డించారు. పిల్లలు తినడం మొదలుపెట్టారు. గుబురు తినలేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని, కళ్లు మూసుకుని, నోరు తెరిచాడు. అలాగే కూర్చున్నాడు.

ఆవలిస్తున్నాడేమో అనుకున్నారు పక్కవాళ్లు. ఎంతసేపటికీ నోరు మూయలేదు. ఒకడు కిసుక్కున నవ్వాడు. పక్కనున్న కుందేలు పిల్ల మాత్రం నవ్వలేదు. "తిను, దుంప బాగుంది" అని ఆకు వాడి దగ్గరికి జరిపింది. వాడు కళ్లు తెరిచి ఆకు వంక చూశాడు. ఏం చెయ్యాలో తోచక మళ్లీ నోరు తెరిచాడు.

గేటు బయట నుంచి ఇదంతా చూస్తున్న ఎలుగమ్మ చెయ్యి దానంతటదే పైకి లేచింది. పరిగెత్తబోతుంటే ఏనుగమ్మ తొండం అడ్డు పెట్టింది.

"ఆగమ్మా."

"వాడికి ఆకలేస్తోంది. మీరు వాడి మార్కులు చూడలేదా?" అంది ఎలుగమ్మ.

"ఎందుకు చూడలేదు? చూసే కదా పిలిచాను. చెప్పిన పాఠం వాడికి అందుతుందని ఆ మార్కులు చెప్పాయి. అంతవరకే చెప్పాయి. రేపు ఇక్కడ అమ్మ ఉండదు. ఆకలేస్తే తినాలి, దెబ్బ తగిలితే ఎవరికైనా చెప్పుకోవాలి, పక్కవాడితో సర్దుకుపోవాలి. ఏటా ఎవరో ఒక ఫస్టు మార్కు పిల్లాణ్ణి ఏడుస్తుంటే ఇంటికి పంపిస్తున్నాను. ఇక నాకు ఓపిక లేదమ్మా."

"మరి సీటు?"

"ఆ కుందేలు పిల్లకి ఇస్తున్నాను. మార్కులు నీ కొడుకు కన్నా తక్కువే." ఏనుగమ్మ తొండం దించింది. "వచ్చే ఏడు మళ్లీ రా. పరీక్ష రాయక్కర్లేదు. వీపు మీద కాకుండా నడిపించుకుని తీసుకురా, చాలు."

ఎలుగమ్మ లోపలికి వెళ్లి కొడుకుని పిలుచుకుంది. వాడు అలవాటుగా వీపు ఎక్కబోయాడు.

"వద్దు నాన్నా. నడు."

ఇద్దరూ కొండ దిగారు. వాడు పడ్డాడు, లేచాడు, మళ్లీ పడ్డాడు. దారిలో ఒక పుట్ట కనబడింది.

"అమ్మా, ఆకలి" అన్నాడు గుబురు.

ఎలుగమ్మ పుట్ట పక్కన చతికిలబడింది. చేతులు వెనక్కి పెట్టుకుంది. తవ్వకుండా కూర్చోవడం ఆమెకి తవ్వడం కన్నా కష్టమైంది.

వాడు కాసేపు తల్లి వంక చూశాడు. తర్వాత గోళ్లతో పుట్టని గీకాడు. ముక్కునిండా దుమ్ము పోయి తుమ్మాడు. మళ్లీ గీకాడు. చాలాసేపటికి అరచేతిలోకి నాలుగు చెదపురుగులు వచ్చాయి.

వాటిని వాడు తినలేదు. తవ్వినవాళ్లు పక్కవాళ్లకి తినిపించాలనే వాడికి తెలుసు, పుట్టిన దగ్గర్నుంచీ చూసింది అదే. మట్టి చేతిని తల్లి నోటి దగ్గర పెట్టి, "అమ్మా, నోరు తెరువు" అన్నాడు.

తను పొద్దుటి నుంచీ ఏమీ తినలేదని ఎలుగమ్మకి అప్పుడు గుర్తొచ్చింది. నోరు తెరిచింది. తిని, కళ్లు తుడుచుకుని, "ఇప్పుడు నీకోసం తవ్వుకో నాన్నా" అంది.

నీతి: మార్కులు బిడ్డని బడి గేటు దాకా చేరుస్తాయి, గేటు దాటాక నడవాల్సింది బిడ్డ కాళ్లే, వాటికి ముందుగా నేల తగలనివ్వాలి.