చెదల కడుపులో ఇంగ్లీషు మాటలు

ఈ కథ మొదట చెప్పింది కందుల బంగారమ్మవ్వ. వడ్లు దంచుతూ, రోకలి ఆపకుండా చెప్పింది. తర్వాత చెప్పినవాళ్ళు తలొక ముక్క తీసేశారు, తలొక ముక్క అతికించారు. అవ్వ చెప్పింది చెప్పినట్టే ఇది. పిల్లలూ, ఊకొడుతూ వినండి.

అనగా అనగా, ఏడు సముద్రాలకు ఇవతల రేగుకోట అని ఒక రాజ్యం. దానికి ఒక రాజు. రాజుకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు విజయదత్తుడు, నడిపివాడు ఇంద్రదత్తుడు. ఇద్దరికీ దొరలు వచ్చి ఇంగ్లీషు నేర్పారు. చిన్నవాడు మల్లదత్తుడు. పలక ముందు కూర్చుంటే చాలు, వాడికి నిద్ర ముంచుకొచ్చేది. తన పేరు రాయమంటే పొద్దు వాలేది.

ఏడు సముద్రాలకు అవతల కరాళుడని ఒక మాంత్రికుడు. వాడు పక్క రాజ్యపు రాకుమారి పొన్నారిని ఎత్తుకుపోయి, తన వంటింట్లో పప్పులు చెరగమని కూర్చోబెట్టాడు. వాడి ప్రాణం ఒక చిలకలో ఉంది. ఆ చిలక పంజరానికి తాళం లేదు, చెవి లేదు. కరాళుడు కొన్ని అక్షరాలు చెబుతాడు. అవన్నీ ఉన్న ఇంగ్లీషు మాటలు మూడు చెప్పాలి. అలా మూడు పొడుపులు విప్పితే పంజరం తెరుచుకుంటుంది. విప్పలేనివాడు రాయి అయిపోతాడు.

పెద్దవాడు వెళ్ళాడు. రెండు పొడుపులు విప్పాడు, మూడోదానికి రాయి అయ్యాడు. నడిపివాడు వెళ్ళాడు. వాడూ రెండు విప్పాడు, మూడోదానికి రాయి అయ్యాడు. తల్లి అన్నం ముట్టడం మానేసింది. మల్లదత్తుడు వెదురు కర్ర చేతపట్టుకుని బయలుదేరాడు.

"చినబాబుగారూ, తమరికి తమ పేరే రాయడం రాదు గదా" అన్నాడు మంత్రి, మీసం చాటున నవ్వుకుంటూ.

"రాదు. అడుగుతాను. తెలిసినవాళ్ళు ఎవరో ఒకరు ఉంటారుగా" అన్నాడు మల్లదత్తుడు.

సముద్రపొడ్డున ఒక తాబేలు వెల్లకిలా పడి ఎండకు మాడిపోతోంది. మల్లదత్తుడు దాన్ని తిప్పి నిలబెట్టాడు. అది అతన్ని వీపున ఎక్కించుకుని ఏడు సముద్రాలూ దాటించింది. అవతల కరాళుడి కోటకు పోయే దారికి అడ్డంగా ఒక చెదలపుట్ట ఉంది. దాని మీద రెండు జోళ్ళ గుర్తులు. అన్నలిద్దరూ దాన్ని తొక్కుకుంటూ పోయారు. రేగుకోటలో ఎవరింటి మీదుగా నడవాలన్నా చెప్పులు విడిచి అడగడం ఆనవాయితీ. మల్లదత్తుడు చెప్పులు విడిచాడు. సొరబుర్రలో తాగగా మిగిలిన నీళ్ళతో మట్టి తడిపి, కూలిన పుట్టను మెత్తి, "దారి ఇస్తారా అమ్మా?" అని అడిగాడు.

చెదలరాణి తల బయట పెట్టింది. "ముగ్గురిలో అడిగినవాడివి నువ్వొక్కడివే, నాయనా. ఎక్కడికి?"

మల్లదత్తుడు సంగతంతా చెప్పాడు.

"ఇంగ్లీషా? దొరల ఓడ ఒకటి ఇక్కడే పగిలింది. అందులో ఇంత లావు మాటల పుస్తకం. మా తాతలు మొదలుపెట్టారు, మేం ముగించాం. మొత్తం మా కడుపుల్లోనే ఉంది."

"రుచిగా ఉందా అమ్మా?"

"మాటలు చప్పన. అట్ట దగ్గర బంక బాగుంది."

ఒక్కో మాట తిన్న చెద ఒక్కొక్కటి చొప్పున, వేలకు వేలు అతని వెదురు కర్రలోకి ఎక్కాయి.

మల్లదత్తుడు కోట వంటింట్లోకి రాగానే కరాళుడు పొయ్యి మీద ఎసరు పెట్టాడు. "ఇది పొంగేలోపు చెప్పాలి. ఏ, ఎన్, టీ."

మల్లదత్తుడు కర్ర చెవి దగ్గర పెట్టుకున్నాడు. చెదలన్నీ ఒక్కసారి మొదలుపెట్టాయి. చెవి గింగురుమంది గానీ ఒక్క మాటా అందలేదు.

పొన్నారి చేట మీద నుంచి తల ఎత్తకుండానే అంది. "పొట్టు, మట్టి, రాళ్ళు ఒకేసారి ఏరతామా ఎక్కడన్నా? ముందు పొట్టు పోవాలి. తర్వాత మట్టి. ఆ తర్వాత రాళ్ళు."

మల్లదత్తుడికి దారి దొరికింది. "ఏ లేనివాళ్ళు ఊరుకోండి" అన్నాడు. సగం సద్దు తగ్గింది. "ఎన్ లేనివాళ్ళు ఊరుకోండి." ఇంకా తగ్గింది. "టీ లేనివాళ్ళు." మిగిలినవాటిలో మూడింటిని తీసి చెప్పాడు. "యాంట్, ప్లాంట్, ఎలిఫెంట్."

రెండో పొడుపు ఆర్, ఐ, వీ. మళ్ళీ మూడుసార్లు చెరిగాడు. "రివర్, సిల్వర్, విక్టరీ."

కరాళుడు కళ్ళు చికిలించాడు. "జే, క్యూ, ఎక్స్."

జే ఉన్నవి ఒక చారెడు మిగిలాయి. వాటిలో క్యూ ఉన్నవి చిటికెడు. ఎక్స్ అనేసరికి కర్రలో చప్పుడే లేదు. ఎసరు బుసబుసలాడుతోంది. మల్లదత్తుడి పాదాలు చల్లబడి, మోకాళ్ళ దాకా రాయి ఎక్కింది.

"మా తాతలు ఏదైనా కాగితం వదిలేశారేమో, నాయనా" అని చెదలు సిగ్గుపడ్డాయి.

"మీరు వదిలే రకం కాదు" అన్నాడు మల్లదత్తుడు. తలెత్తి కరాళుణ్ణి చూశాడు. "నాకు రాదు. ఓడాను. విడుపు నువ్వు చెప్పు."

ఎదుటివాడు ఓడానన్నాక, పొడుపు వేసినవాడు విడుపు చెప్పి తీరాలి. ఇవతలా అంతే, అవతలా అంతే. చెప్పలేకపోతే ఓటమి వేసినవాడిది. అన్నలిద్దరూ చదువుకున్నవాళ్ళు. రాదు అనడానికి నోరు రాక, ఆలోచిస్తూ ఆలోచిస్తూనే రాయి అయ్యారు.

కరాళుడు ఎసరు వంక చూశాడు. "ముందు నువ్వు రాయివి కా, తర్వాత చెబుతా."

"ఇప్పుడే చెప్పు" అంది పంజరంలోని చిలక. "నూరేళ్ళుగా వింటున్నాను. దానికి విడుపు నేనూ వినలేదు."

కరాళుడు చెప్పలేదు. ఉంటే కదా చెప్పడానికి. ఎసరు పొంగింది, పంజరం తెరుచుకుంది. చిలక మెడ విరిచారని పక్క ఊరివాళ్ళు చెబుతారు. అది అబద్ధం. చిలక ఎగిరిపోయింది. అది ఎంత దూరం పోతే కరాళుడు అంత పలచబడి, చివరికి పొయ్యి మీది ఆవిరిలో కలిసిపోయాడు. రాళ్ళు కదిలాయి. అన్నలు తమ్ముణ్ణి పట్టుకుని ఏడ్చారు.

పొన్నారికీ మల్లదత్తుడికీ ఏడు రోజుల పెళ్ళి. తల్లి పెళ్ళిలో కడుపునిండా తింది. మల్లదత్తుడు అరవై ఏళ్ళు ఏలాడు. ఏటేటా పెళ్ళిరోజున తాబేలెక్కి వెళ్ళి, మంచి బంక వేసి అట్ట కట్టించిన కొత్త పుస్తకం ఒకటి, చెప్పులు విడిచి ఆ పుట్ట దగ్గర పెట్టి దండం పెట్టేవాడు. "నా అన్నలు, నా ఆలి, నా ప్రాణం మీరు పెట్టిన భిక్షే" అనేవాడు.

కానీ మంత్రి కోటగుమ్మం మీద శాసనం చెక్కించాడు. విజయదత్తులవారు తమ ఇంగ్లీషు పాండిత్యంతో మాంత్రికుణ్ణి జయించారని. మల్లదత్తుడు విని, "అన్న పేరు ఉండనీ. చెదల పేరు లేకపోవడమే తప్పు" అన్నాడు. దాన్ని ఇప్పటికీ ఎవరూ దిద్దలేదు. ఉలి పట్టడం, అక్షరం రాయడం రెండూ వచ్చినవాళ్ళు ఎవరైనా ఉంటే, ఆ రాతి కింద జానెడు చోటుంది. అక్కడ చెదలని, తాబేలుని, చేట పట్టిన పొన్నారిని చెక్కండి. మంత్రి పేరు అడుగున చిన్నగా ఉంటుంది. దాన్ని మాత్రం చెరిపేయండి.