డీఎన్ఏ లేని చిప్పు

విశాఖపట్నంలోని ఒక పరిశోధనశాలలో, అందరి పనికీ వంకలు పెట్టి తన పనికి మాత్రం ఒక్క పరీక్షా పెట్టుకోని వామనమూర్తి అనే శాస్త్రవేత్త ఉండేవాడు. తెలివికేం తక్కువ లేదు. అయితే గురివింద గింజ తన నలుపెరగదంటారు కదా, అతని సంగతీ అంతే.

అతని పని వింతైనది. ప్రాణుల కణాల్లో డీఎన్ఏ అనే సన్నటి పోగు ఉంటుంది. ఆ పోగును చిప్పు మీద రెండు బంగారు కొసల మధ్య పరిచి, దానికి వెండి పట్టించేవాడు. పోగు దారి చూపితే వెండి దాని వెంటే పేరుకుని తీగ అవుతుంది. అంత సన్నటి తీగను మరే పనిముట్టుతోనూ చేయలేమని అతని నమ్మకం.

ఒకరోజు ఆ తీగలో కరెంటు పారింది. వామనమూర్తికి కాలు ఒకచోట నిలవలేదు. మర్నాడే జరిగే శాస్త్రవేత్తల సభలో ఈ సంగతి ప్రకటిస్తానని డైరెక్టరుగారికి చెప్పేశాడు. అది నిజమైతే, ఎన్నాళ్లనుంచో కోరుకుంటున్న సొంత ప్రయోగశాల అతనికి దక్కుతుంది.

తోటి శాస్త్రవేత్త నస్రీన్ వచ్చి, "మూర్తిగారూ, డీఎన్ఏ వేయకుండా ఒట్టి చిప్పుకి వెండి పట్టించి చూశారా?" అని అడిగింది.

"ఒట్టి చిప్పులో చూడ్డానికి ఏముంటుందమ్మా? పోగు లేకపోతే తీగెక్కడిది?"

"పోయినేడు ఇదే మాట అడిగి మీరు నా తీగ చెల్లదని వెనక్కి పంపారు కదండీ!"

అతనికి చురుక్కుమంది. ఆమెదే తప్పని చూపించాలన్న కోపంతో ఖాళీ చిప్పును వెండి ద్రావణంలో ముంచాడు. తీసి మీటరు పెట్టాడు. కరెంటు పారింది.

వెండి తనంతట తానే రెండు కొసల మధ్యా పొరలా పరుచుకుంది. దాంతో, అంతకుముందు చేసిన తీగకు డీఎన్ఏ దారి చూపిందో లేదో చెప్పడానికి లేదు. వామనమూర్తి ముఖం పాలిపోయింది.

"ఈ సంగతి మనిద్దరికే తెలుసు" అన్నాడు మెల్లగా.

"అవునండీ. చెప్పాల్సింది మాత్రం మీరే" అని నస్రీన్ వెళ్లిపోయింది.

మర్నాడు సభలో అతను ముందుగా ఖాళీ చిప్పునే చూపించాడు. "ఇందులో డీఎన్ఏ లేదు. అయినా కరెంటు పారుతోంది. కాబట్టి నేను సాధించానన్నది ఇంకా సాధించలేదు" అన్నాడు. వెనక వరసలో ఎవరో నవ్వారు. ప్రయోగశాల మరొకరికి వెళ్లింది. అతను చాలా బాధపడ్డాడు. ఆ బాధతోనే మళ్లీ మొదటినుంచి పని మొదలుపెట్టాడు.

ఎదుటివారి తప్పు పట్టడానికి వాడే పరీక్షను, ముందుగా మన గెలుపుకే పెట్టి చూసుకోవాలి.