నాలుగు వేళ్ల సందు

ఒక ఏటికి ఇటు గట్టున రాజు, అటు గట్టున రాణి. రాజు కొడుక్కీ రాణి కూతురికీ పెళ్లి కుదిరింది. పెళ్లి ఊరేగింపు పడవల్లో వెళితే పరువు తక్కువని ఏటి మీద ఇనుప వంతెన కట్టించారు. ఎవరి గట్టు నుంచి వారిది సగం.

రెండు సగాలనూ కట్టింది మాత్రం ఒక్క కమ్మరి అవ్వే. బండిచక్రాలకు ఇనుప పట్టాలు వేసి వేసి చేతులు కాయలు కాసిన మనిషి. కొలిమితిత్తి ఊదడానికి ఆమెకు కోడలే తోడు. మాఘమాసానికల్లా రెండు సగాలూ ఏటి నడుమకు వచ్చి, నాలుగు వేళ్ల దూరంలో ఆగాయి.

పెళ్లినాడు ఎదురుకోలు ఆ నడుమే పెట్టుకున్నారు. ఆడపెళ్లివారి తరఫున రాణి స్వయంగా పానకం చెంబు చాచింది. రాజు దర్జాగా అడుగు ముందుకేశాడు. బొటనవేలు సందులో తగులుకుంది. చెంబు ఒలికి, పానకమంతా సందులోంచి ఏటిపాలైంది. ఆ పెళ్లిలో ముందుగా మర్యాద అందింది చేపలకే.

"మీ సగం పొట్టిదైంది చెల్లెమ్మా," అన్నాడు రాజు.

"కాదు అన్నయ్యగారూ, మీదే."

తాళ్లు తెచ్చి కొలిచారు. రెండూ సమానమే. తమ ఇద్దరిలో ఎవరి తప్పూ లేదంటే మూడోవారిది కావాలి కదా! అవ్వను పిలిపించారు.

"ఎండాకాలానికని వదిలిన చోటు దొరా," అంది అవ్వ. "ఇనుము చలికి ముడుచుకుంటది, ఎండకి సాగుద్ది. పట్టా కాలిస్తేనే గదా చక్రానికి ఎక్కేది!"

"వియ్యాలవారి మధ్య సందేమిటి, అపశకునం కాకపోతే? పూడ్చెయ్యి," అంది రాణి.

"నా చేత్తో పూడ్చను తల్లీ."

రాజుకు కోపం వచ్చింది. వేరే కమ్మరి చేత ఆ సందులో ఇనుప దిమ్మె బిగగొట్టించాడు. అవ్వ కొలిమి ఆర్పించాడు. రోహిణి కార్తె దాటి వంతెన నిలిచిందా, ఇక ఆ కొలిమి వెలగకూడదన్నాడు. ఆ నిప్పు అవ్వకు అత్తగారు అప్పజెప్పింది. చల్లారిన బూడిద ముందు కూర్చుని అవ్వ ఏడ్చింది. కోడలు వచ్చి పక్కనే కూర్చుంది.

దొరల ఉత్సాహం వంతెనతో ఆగలేదు. వంతెనకే లేని సందు మనకెందుకని, రాణి తన కోటకు తాళం వేసి రాజుగారి ఇంటికి వచ్చేసింది. ఒకే వంట, ఒకే పంక్తి, ఒకే ఉయ్యాలబల్ల. ఉగాది పచ్చడి దాకా అంతా తీపే. చైత్రంలో పప్పులో ఉప్పు దగ్గర మాట వచ్చింది. వైశాఖంలో రాజుగారి గురక దగ్గర వచ్చింది. "అన్నయ్యగారు" కాస్తా "రాజుగారు" అయ్యాడు. కొత్త జంట ఇద్దరి మధ్యా నలిగిపోయింది.

రోహిణి ఎండలకు రోళ్లు పగులుతాయంటారు. ఆ ఎండల్లోనే ఒక మధ్యాహ్నం రాణి పెట్టె సర్దుకుని, "మా ఇంటికి మేం పోతాం," అని బండెక్కింది. వంతెన సగం దాకా వెళ్లి బండి ఆగిపోయింది. సాగిన ఇనుముకు చోటు చాలక, ఏటి నడుమ వంతెన పిల్లి వీపులా పైకి లేచి ఉంది. రాణికి కలిసి ఉండడానికీ వీల్లేదు, విడిపోవడానికీ దారి లేదు.

అవ్వను బతిమాలి తీసుకొచ్చారు. మర్నాడు పొద్దు పొడిచే వేళకు, ఇనుము కాస్త చల్లబడ్డాక, ఆమె దిమ్మెను కోసి తీసేసింది. వంతెన మూలిగి, కిందికి దిగి సర్దుకుంది. నడుమ మళ్లీ సందు కనబడింది.

"ఇంతే చోటు వదలాలని నీకెవరు నేర్పారు?" అని అడిగాడు రాజు.

"కొంత బండిపట్టా నేర్పింది దొరా. మిగతాది నా కోడలు." అవ్వ నవ్వింది. "ఇరవై ఏళ్లుగా ఒకే కొలిమి కాడ కూచుంటున్నాం. మా పీటల మధ్య నాలుగు వేళ్లు ఉంటది."

"మండినప్పుడు అదే కాపాడుద్ది," అంది కోడలు.

సందు దాటి అటు సగం మీద రాణి, ఇటు సగం మీద రాజు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. సందులోంచి ఏటినే చూశారు. చివరికి రాజు కొలిమి వెలిగించుకోమని అవ్వకు చెప్పి, పానకం తెప్పించాడు.

గట్టు మీద కొలిమి పొగ లేచింది. రాజు ముందు తన కాళ్ల వంక చూసుకుని, సందుకు ఇవతలే నిలబడి చెంబు చాచాడు.

"దాహంగా ఉంటావు, తీసుకో చెల్లెమ్మా."

రాణి రెండు చేతులా అందుకుంది. కింద ఆశగా మూగిన చేపలకు ఈసారి ఒక్క చుక్కా దక్కలేదు.