ఎడం పాటించే బండి

పొద్దున్నే కనుమ నిండా మంచు కమ్మింది. ఉప్పు బండ్లన్నీ ఒకదానికొకటి ఆనుకునే దిగాలని, ఎడం వదిలితే కొరడా దెబ్బలేనని దళవాయి హుకుం. మొన్న అలా దిగబట్టే రెండు బండ్లు లోయలో పడ్డాయి. ఇవాళ తోలేవాళ్లలో సుంకులమ్మ కొడుకులు ముగ్గురున్నారు.

“కాస్త ఎడం ఇప్పించండి దొరా,” అంది ఆమె.

“పిరికి గొడ్లు! ముందు బండి దగ్గరైతే తనంతట తానే నెమ్మదించే బండి ఉంటే మీతో పనేముంది?” అని కసిరాడు దళవాయి.

“కొత్త బండెందుకు దొరా? తమ పాత బండికే అమరుస్తాను,” అన్నాడు వడ్రంగి ఓబయ్య. ఎడ్ల మూతులు దాటేలా కాడికి వెదురు గడలు కట్టి, వాటి కొసన పీట బిగించాడు. “తమరు కూర్చుంటే చాలు, పనిచేస్తుంది.”

అందరినీ పిరికివాళ్లన్నాక కాదనలేక దళవాయి ఎక్కి కూర్చున్నాడు. బండ్లు మంచులోకి దిగాయి.

కాసేపటికే కింద నుంచి కేకలు: “ఆపండ్రా, నా మోకాళ్లు! ముందువాడా, దూరం జరుగు! వెనకవాడా, నెట్టకు! అన్ని బండ్లకీ ఎడం!”

“విన్నావా అక్కా? పనిచేస్తోంది,” అన్నాడు ఓబయ్య.

“ఏం బుర్రయ్యా నీది!” అంది సుంకులమ్మ.

పొద్దు వాలేసరికి బండ్లు తిరిగొచ్చాయి. ఆమె ఒక్కొక్కరినీ తాకి లెక్కపెట్టుకుంది. ముగ్గురు కొడుకులు, ఆరు ఎడ్లు. తొమ్మిది ప్రాణాలు.