దారి లేని చోటికి బండి

గుమ్మడిమెట్టలో తెలివైన ఇల్లు ఏదని ఎవరినడిగినా జోగినాయుడి ఇల్లే చూపిస్తారు. చూపిస్తూ నవ్వుతారు. ఆ నవ్వు గౌరవం కొద్దీ వచ్చిందేనని జోగినాయుడి నమ్మకం.

"తెలివి మన ఇంట్లో వాన నీళ్ళలాంటిదిరా. ఎవరూ తోడక్కర్లేదు, చూరులోంచి అదే కారుతుంది," అనేవాడు కొడుకులతో.

పెద్దకొడుకు దేముడు తలూపేవాడు. చిన్నకొడుకు నూకరాజు తలెత్తి చూరుకేసి చూసేవాడు. వాళ్ళమ్మ సన్యాసమ్మ లోపలికెళ్ళి గిన్నె తెచ్చి చూరు కింద పెట్టేది.

సన్యాసమ్మ మాటలు తక్కువ మనిషి. వాడితే మాట అరిగిపోతుందని ఆమె భయం. ఈమధ్య మాత్రం ఒకే మాట పొద్దస్తమానం వాడుతోంది.

"పాపని చూడాలి."

కూతురు వరహాలుకి రెండో కాన్పు. మొదటి కాన్పు పుట్టింట్లో, రెండోది అత్తవారింట్లో అన్నారు పెద్దలు, సరే అన్నారు వీళ్ళు. అత్తవారిల్లు కోసంగి. కొండ మీద ఊరు. అల్లుడక్కడ బడిపంతులు. ఆడపిల్ల పుట్టిందని కబురొచ్చిన వారానికే వానలు పట్టుకుని కొండదారి కొట్టుకుపోయింది. ఆటోలు కొండ కిందే ఆగిపోతున్నాయి. సన్యాసమ్మ మోకాళ్ళు అంతకు ముందే ఆగిపోయాయి.

అల్లుడు ఎక్కడో కొండకొమ్ము మీదికెక్కి ఫోనులో పాప ఫోటో పంపాడు. సన్యాసమ్మ ఫోను తిప్పి వెనక చూసింది. వీపు కనబడలేదు. "సగం పిల్లనే పంపాడు," అని కళ్ళు ఒత్తుకుంది. పాప నవ్వుతోందట. పెద్దదై నవ్వడం మానేసేలోపు ఒక్కసారి ఒళ్ళోకి తీసుకోవాలని ఆమెకి ఒకటే బెంగ.

ఆ బెంగ చూడలేక జోగినాయుడు మీసం తిప్పాడు. "దారి లేకపోతేనేం, దారి అక్కర్లేని బండి చేసేద్దాం."

అంతే. ఒక రిటైరైన బ్యాంకు మేనేజరు గారి పాత బండి చవగ్గా దొరికింది. జీపు మొహం, చిన్నకారు ఒళ్ళు. పుట్టి బుద్ధెరిగాక కూరగాయల బజారు తప్ప ఇంకోటి ఎరగదు. దాన్ని నర్సీపట్నంలో మెకానిక్ ఖాసిం దగ్గరికి తోలుకెళ్ళారు.

ఖాసిం చుట్టూ తిరిగి చూసి, "చెయ్యొచ్చు నాయుడుగారూ. ముందు దీని ఎత్తు పెంచాలి. అడుగున రాయి తగలకూడదు. మిగతాది నేను మీ ఊరొచ్చి చూస్తాను," అన్నాడు.

ఇంకేముంది, ఆయన వచ్చేదాకా ఆగుతారా. పెరట్లో ఇటుకలతో నాలుగు దిమ్మలు కట్టారు. పదిమందిని పిలిచి బండిని ఎత్తి వాటి మీద కూర్చోబెట్టారు. చక్రాలు గాల్లో వేలాడుతున్నాయి. దేముడు కిందకి దూరి చూసొచ్చాడు. "రాయన్నది తగల్లేదు నాన్నా."

"ఇటుకలు తగుల్తున్నాయి కదరా," అన్నాడు జోగినాయుడు.

"రాయి తగలకూడదన్నాడు గానీ ఇటుక తగలకూడదన్నాడా," అన్నాడు నూకరాజు. వాడి తెలివికి తండ్రి కళ్ళు చెమర్చాయి.

సన్యాసమ్మ పసుపూ, ఆముదం సీసా మూటకట్టుకుని నిచ్చెనేసుకుని బండెక్కింది. దేముడు తాళం తిప్పి కాలు నొక్కాడు. చక్రాలు గిర్రున తిరిగాయి. ఎంత వేగమో. దుమ్ము లేదు, కుదుపు లేదు. పూల రథంలా ఉంది. పొద్దు నడినెత్తికొచ్చేదాకా అలా పోతూనే ఉన్నారు.

"వచ్చామా?" అంది సన్యాసమ్మ.

"కొండంటే మాటలా అమ్మా, ఇంకా పోవాలి," అన్నాడు దేముడు.

ఆమె కిటికీలోంచి చూసింది. "మన గేదె," అంది.

"కొండ మీద మాత్రం గేదెలుండవేంటే," అన్నాడు జోగినాయుడు.

"మన బావి."

"వాళ్ళూ నీళ్ళు తాగాలి కదా."

సన్యాసమ్మకి ఆ మాట నిజమే అనిపించింది. కానీ బావి దగ్గర ఆరేసిన చీర కూడా తనదే. అల్లుడు తన చీరలు ఎత్తుకెళ్ళాడన్నమాట. పంతులుద్యోగం చేస్తూ ఇదేం బుద్ధని ఆమె నొచ్చుకుంది గానీ, పిల్లనిచ్చినచోట గొడవెందుకని నోరు విప్పలేదు.

ఆ వేళకి ఖాసిం వచ్చాడు. పెరటి గుమ్మంలో నిలబడి చాలాసేపు చూశాడు. "దిగండి," అన్నాడు.

"ఖాసిం కూడా ఇక్కడే ఉన్నాడే. మనకంటే ముందెలా వచ్చాడ్రా," అన్నాడు జోగినాయుడు కొడుకుతో.

ఖాసిం బండిని దింపించాడు. తనే దగ్గరుండి స్ప్రింగులు మార్చి, పెద్ద టైర్లు వేసి, బండిని జానెడు పైకి లేపాడు. పోతూ పోతూ, "బరువు ఎక్కువైతే కొండెక్కదు. అక్కర్లేనివన్నీ తీసి పడెయ్యండి. మళ్ళీ వారం వచ్చి చూస్తాను," అన్నాడు. అన్నాక తనే నాలిక్కరుచుకున్నాడు. కానీ బస్సు టైమైపోయింది.

అంతే. ఏది కావాలి, ఏది అక్కర్లేదు అని ఇల్లంతా కూర్చుని ఆలోచించారు. వెనకాల తగిలించిన అదనపు చక్రం ముందు పోయింది. "నాలుగూ కింద పడి కష్టపడుతుంటే ఇది వీపెక్కి కూర్చుంది, సోమరిపోతు," అన్నాడు నూకరాజు. అడవిలో ఎవరు తప్పుకోవాలని హారను? తీసేశారు. ఎదురుగాలి తగిలితే చల్లగా ఉంటుంది కదా, అద్దం ఎందుకు? అదీ తీసేశారు. తలుపులు తీసేశారు. తలుపులు తీశాక వాటి తాళంచెవి దండగని బావిలో పారేశారు. బండి నడిపే తాళంచెవి కూడా అదే. బావిలో దిగి మళ్ళీ తెచ్చుకున్నారు.

అప్పుడు దేముడికి కాళ్ళ దగ్గర బ్రేకు కనబడింది.

"ఇదేం చేస్తుంది నాన్నా?"

"బండిని ఆపుతుందిరా."

"మనం బండి చేస్తున్నది వెళ్ళడానికా, ఆగడానికా?"

జోగినాయుడు కొడుకు తల నిమిరాడు. "ఇంట్లో దొంగని పెట్టుకుని ఊరంతా కాపలా కాస్తున్నాం రా," అన్నాడు. బ్రేకు పీకేశారు.

సన్యాసమ్మ మళ్ళీ మూటకట్టుకుని ఎక్కింది. ఈసారి బండి నిజంగానే కదిలింది. గేదె వెనక్కి పోయింది, బావి వెనక్కి పోయింది. ఆమె సంతోషించేలోపే ఊరు కూడా వెనక్కి పోయింది. ఒంట్లో ఎముకలన్నీ ఒకదాన్నొకటి పేరుపెట్టి పిలుచుకుంటున్నాయి. ఎదర కరణంగారి గడ్డిమేటు కనబడింది, దగ్గరికొచ్చింది, ఇంకా దగ్గరికొచ్చింది, తర్వాత కనబడలేదు. అందరూ అందులోనే ఉన్నారు.

జోగినాయుడు నోట్లో గడ్డి ఉమ్మేసి, "చూశారా, బ్రేకు లేకుండానే ఆగింది," అన్నాడు.

"పాపని చూడాలి," అంది సన్యాసమ్మ గడ్డిలోంచి.

ఖాసిం వచ్చి తల పట్టుకుని, బ్రేకూ అద్దం మళ్ళీ బిగించాడు. ఈసారి బాగా ఆలోచించి, ఒక్కొక్క మాటా కూడబలుక్కుని చెప్పాడు. "కొండ దగ్గరికెళ్ళాక రాళ్ళమీద పట్టు దొరకాలి. అక్కడ టైర్లలో సగం గాలి తీసెయ్యండి. కిందకి దిగొచ్చాక మళ్ళీ కొట్టించుకోండి. ఇంకేమీ చెయ్యకండి. ఏమీ అంటే ఏమీ."

"అంతేనా?"

"అంతే. ఇక ఇది దారి లేని చోటికి వెళ్ళే బండి," అని చేతులు తుడుచుకుని, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయాడు.

గాలి సంగతి సన్యాసమ్మకి నచ్చలేదు. కొండగాలి కొత్తవాళ్ళకి పడదంటారు. దిగొచ్చాక టైర్లకి ఆ గాలే కొట్టిస్తే జ్వరమొస్తే? అందుకని గాలి ఇక్కడే తీసి, వెంట తీసుకెళ్దామన్నారు. నూకరాజు టైరు దగ్గర పాలిథిన్ సంచి పట్టాడు, సన్యాసమ్మ మూతి బిగించి దారం కట్టింది. మూటలన్నీ బండి మీదికెక్కించి తాడేశారు. ఒక సంచి ఠప్పున పేలింది. నూకరాజు ముక్కుపెట్టి చూసి, "ఎడంవైపు ముందు టైరుది," అన్నాడు విచారంగా.

తెల్లారి బయల్దేరారు. దేముడు బండిని వీధి గుమ్మందాకా తెచ్చి ఠక్కున ఆపాడు.

"నాన్నా, ఎదురుగా దారి ఉంది."

"ఉంటే?"

"ఇది దారి లేని చోటికి వెళ్ళే బండి కదా. ఖాసిం ఇంకేమీ చెయ్యొద్దన్నాడు. దారి మీద నడిపితే ఏదో చేసినట్టే."

ఇంకేముంది, బండి వెనక్కి తిరిగింది. పెరటిగోడ పడగొట్టుకుని చేలల్లో పడింది. నువ్వుచేను తొక్కింది. వంగతోట తొక్కింది. జీడితోటలో ఎవరో పెళ్ళిచూపులకి వేసుకున్న కుర్చీల మధ్యనుంచి పోయింది. పెళ్ళికొడుకు చెట్టెక్కాడు. జనం కర్రలు పట్టుకుని వెంటపడ్డారు.

"పాపం, ఎంతదూరం సాగనంపుతున్నారో చూడు. కుక్కలొస్తాయని కర్రలు కూడా తెచ్చుకున్నారు," అన్నాడు జోగినాయుడు. సన్యాసమ్మ వెనక్కి తిరిగి మర్యాదగా దణ్ణం పెట్టింది.

అలా పడుతూ లేస్తూ కొండ కిందికి చేరారు. చేరి, నోరు తెరుచుకుని ఉండిపోయారు.

కొండ మీదికి దారి ఉంది. నల్లగా, నున్నగా, కొత్త తారు రోడ్డు. వీళ్ళు బండి చేసుకుంటున్నన్నాళ్ళూ అక్కడ రోడ్డు వేస్తున్నారు. ఒకవైపు నిట్టనిలువు కొండ, ఇంకోవైపు లోయ. మధ్యలో రోడ్డు తప్ప చోటు లేదు.

సన్యాసమ్మ మెల్లగా బండి దిగి రోడ్డంచున కూలబడింది. గేదెని దాటింది, గడ్డిమేటుని దాటింది, ఇంతదూరం వచ్చాక ఈ రోడ్డు అడ్డం పడింది. పైన ఎక్కడో పాప నవ్వుతూ ఉంటుంది. "ఇంక చూడలేనేమో," అంది. ఆమె గొంతు అలా పలకడం ఇంట్లో ఎవరూ ఎప్పుడూ వినలేదు.

జోగినాయుడు ఆమెకేసి చూశాడు, రోడ్డుకేసి చూశాడు. "ఏడవకే. దారి ఉంటే తీసేద్దాం. అదెంత పని."

అంతే. రోడ్డు పనివాళ్ళు వదిలేసిన గునపాలు తెచ్చారు, పారలు తెచ్చారు, గంపలు తెచ్చారు. రోడ్డుకి అడ్డంగా తవ్వారు. బండి అందులో దిగి ఎక్కింది. ఇంకాస్త ముందు ఇంకోచోట తవ్వారు. బండి అందులోనూ దిగి ఎక్కింది. సన్యాసమ్మ కళ్ళు తుడుచుకుని, మోకాళ్ళ మాట మరిచిపోయి, గంపతో మట్టి మోసింది. ఒక్కో గొయ్యి దాటుతుంటే పాప ఒక్కో మూర దగ్గరవుతున్నట్టే ఉంది.

ఇంతలో పైనుంచి బస్సొచ్చింది. ఎదుట గొయ్యి చూసి కీచుమంటూ ఆగింది. డ్రైవరు తల బయటపెట్టాడు.

"ఏం చేస్తున్నారయ్యా?"

"దారి తీసేస్తున్నాం," అన్నాడు దేముడు చెమట తుడుచుకుంటూ.

"ఎందుకు?"

"పైకెళ్ళడానికి."

డ్రైవరు గొయ్యికేసీ గునపాలకేసీ మార్చి మార్చి చూశాడు. "దారి ఉంటే కదయ్యా పైకెళ్ళేది," అన్నాడు చివరికి.

"మీది మామూలు బస్సు. మీకలాగే ఉంటుంది," అన్నాడు దేముడు జాలిగా.

అప్పుడు బస్సులోంచి ఒకామె దిగింది. భుజాన సంచి, చేతుల్లో పొత్తిళ్ళు. వరహాలు.

"అమ్మా, రోడ్డు పడిందిగా. పెద్దాణ్ణి వాళ్ళ నాన్న దగ్గర ఉంచి, పాపని నీకు చూపిద్దామని మనింటికే వస్తున్నా," అంది.

సన్యాసమ్మ గంప కింద పడేసింది. మట్టి చేతులు చీరకి తుడుచుకుంది, మళ్ళీ తుడుచుకుంది. చేతులు చాపింది. పాప ఒళ్ళోకొచ్చింది. బుగ్గలు, గుప్పెట్లు, నుదుటి మీద పాలచుక్కంత మచ్చ. సన్యాసమ్మ ముందు వీపు నిమిరి చూసింది. ఉంది. పాప ఆమెకేసి చూసి, ఒక్క పన్ను లేని నోరు బార్లా తెరిచి నవ్వింది. సన్యాసమ్మ పాప తలని ముక్కుకి ఆనించుకుని చాలాసేపు అలాగే ఉండిపోయింది. బస్సులో జనం కూడా గొయ్యి సంగతి మరిచిపోయి మెడలు చాచి చూశారు.

"నా పోలికే," అంది సన్యాసమ్మ.

"ముక్కు నాది," అన్నాడు జోగినాయుడు.

మామయ్యలిద్దరూ చెరో కాలూ ముద్దుపెట్టుకున్నారు. అందరూ కడుపారా ఆడించారు. పొద్దు పైకెక్కింది.

దేముడు ఆకాశం చూసి ఉలిక్కిపడ్డాడు. "అమ్మా, ఇలా కూర్చుంటే ఎలా? మనం కోసంగి వెళ్ళి పాపని చూడాలి కదా."

"అవును సుమీ," అంది సన్యాసమ్మ. గబగబా లేచి పాపని వరహాలు చేతుల్లో పెట్టింది. "నువ్వు తొందరగా మీ ఇంటికెళ్ళవే. మేమొచ్చేసరికి ఇల్లు తాళం వేసుంటే బాగుండదు."

వరహాలు ఆ ఇంటి పిల్లే. "అయ్యో, వంట కూడా చెయ్యలేదమ్మా," అని పరుగున బస్సెక్కింది.

డ్రైవరు స్టీరింగుకి తల కొట్టుకున్నాడు. ముందుకి ఎలాగూ దారి లేదు. తర్వాత బస్సుని మెల్లగా వెనక్కే నడుపుకుంటూ కొండెక్కిపోయాడు.

జోగినాయుడు గునపం అందుకున్నాడు. సన్యాసమ్మ గంప ఎత్తుకుని, మలుపు తిరుగుతున్న బస్సుకేసి చూసింది.

"పాప ఎలా ఉంటుందో," అంది.